స్నేహ నిద్రపోతుంటే కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

మా అమ్మాయికి నిద్ర వస్తే మా ఇంట్లో మిగిలినవాళ్ళకి నిద్ర పోయేది. ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను గానీ, చాలా ఏళ్ళు ఆ మాటకి నవ్వే ఓపిక మాలో ఎవరికీ లేదు. స్నేహ ఇప్పుడు తొమ్మిదో తరగతి. పడుకునే వేళకి మాస్కు తనే పెట్టుకుని, మిషను స్విచ్చి తనే వేసుకుని, "లైటు తీసెయ్యమ్మా, ఇంకా ఏం చూస్తావ్?" అని నన్ను కసురుతుంది.

మొన్న కాకినాడ ఆసుపత్రి వరండాలో ఒక చిన్నవయసు తల్లి ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకుని ఏడుస్తుంటే ఊరుకోలేక పలకరించాను. ఆ బిడ్డకీ మా స్నేహకున్న జబ్బే. "ఇలాంటి పిల్లలు పెద్దవుతారా అండీ?" అని అడిగింది. బెంచీ చివర కూర్చుని రెండో ప్లేటు ఇడ్లీ తింటున్న స్నేహను చూపించాను. ఆ తల్లి నా ముఖం వంక, ఇడ్లీ ప్లేటు వంక మార్చి మార్చి చూసింది. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మా అత్తగారు కరుణమ్మగారు పోయి రెండేళ్ళవుతోంది. జ్ఞాపకార్థ కూడికలో ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాలుగూళ్ళ బడిపిల్లల మీద అరిచే టీచర్ని, ఆరోజు నా నోరు పెగల్లేదు.

1993 నుంచి 1995 వానాకాలం దాకా

స్నేహ పుట్టింది 1993 వేసవిలో. మాది యానానికి ఇవతల, గోదావరి పాయ పక్కనున్న ఊరు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని, మా ఆయన ప్రభాకర్ అమలాపురంలో గుమాస్తా. ఇంటికి పెద్దదిక్కు మా అత్తగారు. మా లూథరన్ చర్చిలో స్త్రీల సమాజానికి కూడా ఆవిడే పెద్ద.

ఇంత బుద్ధిమంతురాలైన పసిపిల్లను ఎక్కడా చూడలేదని ఊరంతా మెచ్చుకునేవారు. గుక్కపట్టి ఏడవదు. పడుకుంటే కదలదు. మండుటెండలో కూడా కాళ్ళూ చేతులూ చల్లగా ఉండేవి, నిద్రలో తల మాత్రం తడిసిపోయేది. విరేచనం కాక పొట్ట ఉబ్బితే ఆముదం పట్టేవాళ్ళం. పెదాలు నల్లబడితే చామనచాయ పిల్ల కదా అనుకునేవాళ్ళం. వీటన్నిటినీ కలిపి చూడాలని మాకెవరికి తోస్తుంది? కాళ్ళు చల్లబడటానికీ పొట్ట ఉబ్బడానికీ సంబంధం ఏముంటుంది?

మా ఊళ్ళో పిల్లకి జబ్బు అంటే ఒళ్ళు కాలాలి. ఒళ్ళు కాలకపోతే జబ్బు లేనట్టే. ఆ సంగతి తేల్చేది మా అత్తగారి చెయ్యి. అరచెయ్యి తిరగేసి మెడ పక్కన ఆనించి, "పొద్దుటికి తగ్గిపోద్ది" అనో, "బస్సెక్కండి" అనో చెప్పేసేవారు. మూడు వీధుల అవతలనుంచి కూడా పిల్లల్ని ఎత్తుకొచ్చి ఆవిడకి చూపించేవారు. థర్మామీటరు నా దగ్గర ఉండేది, దాన్ని అడిగేవాడు లేడు.

1995 వానల్లో స్నేహకి జలుబు చేసింది. డబ్బా మూత వాయిస్తూ మామూలుగానే ఆడుకుంటోంది. ఆయాసం లేదు, రొప్పడం లేదు. పెదాలు మాత్రం బూడిద రంగులో ఉన్నాయి. నాకు అనుమానం వచ్చి అత్తగారిని పిలిచాను.

ఆవిడ మెడ మీద చెయ్యి పెట్టారు. "చల్లగా మంచులా ఉందే! ఏమీ లేదు. పడుకోబెట్టు."

పడుకోబెట్టాను. అన్నం వార్చి వచ్చేసరికి పిల్ల నేరేడుపండు రంగులో ఉంది. ఛాతీ కదలడం లేదు. నేను పెట్టిన కేక ఇప్పటికీ మా వీధివాళ్ళు చెబుతారు. ఎత్తి కుదిపితే ఒక్కసారి ఊపిరి తీసుకుని, కళ్ళు తెరిచి, నా ముక్కుపుడక పట్టుకుంది. హమ్మయ్య అనుకున్నాం. మళ్ళీ కళ్ళు మూసింది, మళ్ళీ అదే రంగు.

కారు మాట్లాడుకుని రాజమండ్రి బయల్దేరాం. ఎందుకో తెలియకుండానే దారంతా పిల్లని నిద్రపోనివ్వలేదు. చప్పట్లు కొట్టాం, నీళ్ళు చల్లాం, మా ఆయన జన్మలో పాడని మనిషి పాటలు పాడారు. రావులపాలెం వంతెన మీద అత్తగారు స్నేహ బుగ్గ గిల్లుతూ ఏడుస్తున్నారు. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

నర్సింగ్‌హోమ్‌లో ఎక్స్‌రే తీస్తే రెండు పక్కలా నిమోనియా. జ్వరం లేదు, ఆయాసం లేదు! పిల్లల డాక్టరుగారు ఆ ఫిల్ము వంకా ఆడుకుంటున్న పిల్ల వంకా చూసి తల గోక్కున్నారు. బయట హాలు నిండా పేషెంట్లు. వాళ్ళందరినీ ఆపి, ఆయన మంచం పక్కన స్టూలు వేసుకుని స్నేహ నిద్రపోవడం చూస్తూ కూర్చున్నారు. హాల్లో సణుగుడు మొదలైంది. కోరుకొండ నుంచి మనవణ్ణి తీసుకొచ్చిన ఒక ముసలమ్మ, "ఉండండర్రా, ఆ పిల్ల సంగతేదో తేలనివ్వండి" అని అందర్నీ కసిరింది. తన క్యారేజీలో పెరుగన్నం సగం నా చేతిలో పెట్టింది. ఆ పూట నేను తిన్నది అదే.

డాక్టరుగారు లేచి, "ఇదేమిటో నాకు తెలియదమ్మా. నాకు తెలియదన్నది మాత్రం గట్టిగా తెలుసు. మద్రాసు తీసుకెళ్ళండి, ఆక్సిజన్‌తో అంబులెన్సు నేను మాట్లాడతాను" అన్నారు. ఏదో ఒక పేరు చెప్పి మందు రాసిచ్చి ఉంటే మేం నమ్మి ఇంటికి వచ్చేసేవాళ్ళం. ఆ మనిషికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

మద్రాసు, ఆ తర్వాత ఇల్లు

మద్రాసులో చాలా రోజులు ఉన్నాం. పెద్ద డాక్టరమ్మగారికి కొంచెం తెలుగు వచ్చు. ఇలా చెప్పారు. మనం నిద్రపోయినా గుండె కొట్టుకోవడం, ఊపిరి ఆడటం, చెమట పట్టడం, తిన్నది అరగడం, ఇవన్నీ మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంటాయి. వాటిని నడిపే నరాల వ్యవస్థ ఒకటి వేరే ఉంటుంది. స్నేహలో అది పుట్టుకతోనే సరిగా పనిచేయడం లేదు. అందుకే ఒళ్ళు చల్లబడటం, అందుకే జ్వరం రాకపోవడం, అందుకే పొట్ట ఉబ్బడం. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, నిద్రలో ఊపిరి తీసుకోవాలన్న సంగతే ఒంటికి గుర్తుండదు. మెలకువలో ఉన్నా, గాలి చాలడం లేదని పిల్లకి తెలియదు. ఆయాసం అనేదే దానికి తెలియదు.

"మందు ఏంటండీ?" అని అడిగారు అత్తగారు.

"మందు లేదమ్మా. నిద్రపోయినప్పుడల్లా మిషను పెట్టాలి. మిషను పక్కన ఒక మనిషి మేలుకుని ఉండాలి."

"ఎన్నాళ్ళండీ?"

"ఎప్పటికీ."

అత్తగారు చెంగుతో ముఖం తుడుచుకుని, "సరే, ఆ మిషను ఎలా పెట్టాలో చూపించండి. ముందు నాకు చూపించండి, ఈ పిల్లకి స్కూలుంది" అన్నారు. ఈ పిల్ల అంటే నేను. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ నా ఉద్యోగాన్ని లెక్కలోకి తీసుకున్నది అప్పుడే.

ఆ ఆసుపత్రివాళ్ళు పాత మిషను ఒకటి బాగుచేసి ఇచ్చారు. కరెంటు పోతే చేత్తో నొక్కే గాలి సంచి ఇచ్చారు, ఆంబూ బ్యాగంటారు. ఇంటికి వచ్చాక ట్రాక్టరు బ్యాటరీ, ఇన్వర్టరు పెట్టించాం.

మేం అత్తాకోడళ్ళం చల్లగా కలిసిపోయాం అనుకుంటున్నారా? రోజూ యుద్ధమే. మాస్కు పట్టీ బిగుతైందని ఆవిడ, వదులైందని నేను. "కన్నతల్లివా, కసాయిదానివా?" అని ఆవిడ, "మీ ముద్దుతో పిల్ల ప్రాణం తీస్తారు" అని నేను. మా గొంతులు లేస్తే మా ఆయన బయటికెళ్ళి సైకిలు తుడిచేవారు. ఆ రోజుల్లో మా సైకిలంత శుభ్రమైన సైకిలు జిల్లాలో ఉండేది కాదు.

కానీ ఒక్క మాట. మద్రాసు నుంచి వచ్చాక అత్తగారు ఎవరి పిల్ల మెడ మీదా చెయ్యి పెట్టలేదు. ఎవరైనా తీసుకొస్తే, "నా చెయ్యి నా మనవరాలి దగ్గరే అబద్ధం చెప్పిందమ్మా. డాక్టరు దగ్గరికి వెళ్ళు" అనేవారు. ఊరంతా నమ్మిన చేతిని తనే నమ్మనని చెప్పడానికి ఎంత గుండె కావాలి! దాని బదులు ఆవిడ చూడటం నేర్చుకున్నారు. పెదాలు, గోళ్ళు, నాలుక. మంచాన్ని తూర్పు కిటికీ పక్కకి లాగించారు. రంగు దిండు గలీబులు తీసేయించి తెల్లవి వేశారు. పసుపు గలీబు మీద పెదాల రంగు తేడా తెలియడం లేదట. నెలరోజుల్లో, నాకు అనుమానం కూడా రాకముందే, "సునీతా, మాస్కు జరిగింది చూడు" అనేవారు వంటింట్లోంచి వస్తూనే. ఓడిపోవడం నాకు ఇష్టం ఉండదు. అయినా ఒప్పుకోక తప్పింది కాదు.

తర్వాత వచ్చిన తుఫాను సంగతి చివర చెబుతాను. ముందు పెద్దయ్యాక ఎలా ఉందో చెప్పాలి, ఆ వరండాలో అమ్మాయికి ధైర్యం కావాలి కదా.

పెద్దయ్యాక

స్నేహ మామూలుగానే బడికి వెళ్ళింది. క్లాసులో కునుకు పడితే లేపమని పక్కపిల్లకి చెప్పి ఉంచాం. అప్పుడప్పుడు గుండె నెమ్మదించి కళ్ళు తిరిగేవి. పరిగెత్తేటప్పుడు ఎక్కడ ఆగాలో దానికి తెలియదు కాబట్టి గోళ్ళు చూసుకోవడం నేర్పాం. ఈ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకి ఒక్క హెచ్చరిక: నీళ్ళు.

2001 వేసవిలో మా ఆడపడుచు పిల్లలు వచ్చారు. అందరూ కాలవలో దిగి, నీళ్ళలో తల ముంచి ఎవరు ఎక్కువసేపు ఉంటారో పందెం వేసుకున్నారు. మా కాలవగట్ల మీద ఏ పిల్లలైనా ఆడే ఆటే. స్నేహ గెలుస్తోంది. ఒక్కొక్కరే రొప్పుతూ పైకి లేస్తున్నారు, ఇది లేవడం లేదు. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. గట్టు మీద బట్టలు ఆరేస్తున్న అత్తగారు బకెట్టు వదిలేసి చీరతోనే దూకారు. జడ పట్టుకుని పైకి లాగారు. పెదాలు నల్లగా ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది.

"నేనే ఫస్టు మామ్మా!"

"ఫస్టు లేదు, గిస్టు లేదు! నీకు ఆయాసం తెలీదే నా తల్లీ. అది గెలవడం కాదే!" అని వీపు మీద ఒక్కటిచ్చి, అక్కడే నీళ్ళలో కావలించుకుని ఏడ్చారు. ఆ తర్వాత స్నేహ కాలవలో మునగలేదు. పందేలకి అంపైరుగా కూర్చునేది, దాని అంపైరింగు మహా కఠినం.

కొన్నేళ్ళకి మద్రాసు డాక్టరమ్మగారు రక్తం ఎక్కడికో పంపించి, ఈ జబ్బుకి మూలం తెలిసిందని, పుట్టుకలో జరిగే చిన్న పొరపాటని, తల్లి తినడం వల్లో చేయడం వల్లో రాలేదని చెప్పారు. అత్తగారు విని, "విన్నావా సునీతా? ఇంక నిన్ను ఎవరైనా ఏమైనా అంటే నా దగ్గరికి పంపించు" అన్నారు. అప్పటిదాకా ఎవరు ఏమనేవారో ఆవిడకి తెలుసన్నమాట. ఆ రాత్రి నేను దిండులో ముఖం పెట్టుకుని హాయిగా ఏడ్చాను.

1996 నవంబరు

ఇప్పుడు తుఫాను. స్నేహకి నాలుగో ఏడు నడుస్తోంది. గాలి లేచిన సాయంత్రానికే మా పెంకులు ఎగిరిపోయాయి. మా ఆయన మిషనుని రబ్బరుషీటులో చుట్టి నెత్తిన పెట్టుకున్నారు, బ్యాటరీ, ఇన్వర్టరు పక్కింటివాళ్ళు అందుకున్నారు, నేను పిల్లని ఎత్తుకున్నాను, అత్తగారు గాలి సంచిని రవికెలో దాచుకున్నారు. స్లాబున్న కట్టడం చర్చి ఒక్కటే. ఊళ్ళో సగం మంది అక్కడే ఉన్నారు, చర్చికి ఎన్నడూ రానివాళ్ళు కూడా.

తెల్లారి చూస్తే కొబ్బరితోటలు నేల మీద ఉన్నాయి. స్తంభాలు వంగిపోయాయి. కరెంటు నెలదాకా రాదన్నారు. బ్యాటరీ ఆ మధ్యాహ్నానికే అయిపోయింది. మా ఆయన ఎక్కడైనా జనరేటరు దొరుకుతుందేమోనని పడిపోయిన చెట్ల మీదుగా నడుచుకుంటూ వెళ్ళారు. ఎప్పుడొస్తారో తెలియదు.

ఇక మిగిలింది గాలి సంచి. పిల్ల నిద్రపోయినంతసేపూ మాస్కు ముఖానికి అదిమిపట్టి నొక్కుతూ ఉండాలి. మేం ఇద్దరమే. మర్నాటికి నా వేళ్ళు వాచి ముడుచుకోవడం మానేశాయి. నొక్కుతూ నొక్కుతూ కూర్చునే తూలాను. మా ఇద్దరికీ ఒకేసారి కునుకు పడితే పిల్ల పోతుంది. అంతే సంగతి. ఆ మాట పైకి అనేశాను. "అత్తయ్యా, నా వల్ల కాదు. దీన్ని పోగొట్టుకుంటాం."

ఆవిడ నన్ను తిట్టలేదు. లేచి వెళ్ళి వేదిక ముందు నిలబడ్డారు.

"స్త్రీల సమాజం వాళ్ళందరూ ఇలా రండి. చైన్ ప్రార్థన పెడుతున్నాను."

మా చర్చిలో అది మామూలే. ఎవరికైనా కష్టం వస్తే తలా ఒక గంట తీసుకుని, ఒకరి తర్వాత ఒకరు, తెగకుండా ప్రార్థన చేస్తారు. పాస్టరుగారు, "మంచిది కరుణమ్మగారూ, ఏ మూల కూర్చుంటారు?" అన్నారు.

"పిల్ల పక్కనే అయ్యగారూ. చేతిలో ఈ సంచితో. కళ్ళు మూసుకుని మాత్రం కాదు. ఎవరైనా కళ్ళు మూశారంటే నేను ఊరుకోను. దేవుడు వింటాడు, పెదాలు మనం చూడాలి."

పాస్టరుగారు, "ఆయ్, అలాగే" అన్నారు.

ఇంకో నియమం కూడా ఆవిడే పెట్టారు. పిల్ల పగలే పడుకోవాలి. ఉన్న కిరసనాయిలు దీపాల వెలుగులో పెదాల రంగు తెలియదు. కాబట్టి చీకటి పడ్డాక స్నేహను మేలుకొలిపి ఉంచే పని చర్చిలో ఉన్న మగవాళ్ళది, పిల్లలది. కథలన్నారు, పొడుపు కథలన్నారు, ఒకాయన కోడిలా కూశాడు. తెల్లారితే కిటికీ పక్కన తెల్ల దుప్పటి పరిచి పడుకోబెట్టేవాళ్ళం.

నొక్కే వరస కీర్తన మీద నేర్పారు అత్తగారు. పాదం మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. ఒకావిడ హుషారు కీర్తన ఎత్తుకుంటే, "ఆ పాట వద్దే, పిల్లని పరిగెత్తిస్తున్నావ్! నెమ్మదిది పాడు" అని కసిరారు. పక్కవీధి సత్యవతిగారు, రోజూ మడికట్టుకునే మనిషి, వచ్చి కూర్చుని, "నాకు మీ పాటలు రావండీ" అన్నారు.

"మీ పాటే పాడండమ్మా, ఏదైతేనేం."

సత్యవతిగారు జోలపాట ఎత్తుకున్నారు. "అయ్యబాబోయ్, అది వద్దండీ! పిల్లతోపాటు మనమూ నిద్రపోతాం" అన్నారు అత్తగారు. అన్ని రోజుల్లో చర్చిలో అందరూ నవ్వింది అప్పుడే.

రత్నం అనే ఆమె భర్త సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఇల్లు కూడా కొట్టుకుపోయింది. ఆమెను అడగకూడదనుకున్నాం. తనే వచ్చి నా చేతిలోంచి సంచి తీసుకుంది. "నువ్వెందుకమ్మా" అంటే, "కూర్చుని గుమ్మం వంక చూడలేకపోతున్నానండీ. చేతికి పనుంటే బావుంటుంది" అంది. గంట అయ్యాక కూడా లేవలేదు. ఆమె భర్త రాలేదు. ఆమె చేతుల మీదుగా వెళ్ళిన ఊపిరి మా పిల్లలో ఉంది. ఈ ఋణం ఎలా తీరుతుందో నాకు ఈనాటికీ తెలియదు.

వరస తెగలేదు. ఎవరి వంతు అయినా అత్తగారు అక్కడే, ఎదురుగా, పెదాల మీద కళ్ళు పెట్టుకుని ఉండేవారు. పడుకోండంటే వినేవారు కాదు. మధ్యమధ్య నొక్కేవాళ్ళ చేతులు ఆగిపోతే తనే తీసుకునేవారు.

చివరికి ఒక మధ్యాహ్నం మా ఆయన వచ్చారు. వెనకాల ఎడ్లబండి మీద జనరేటరు, దాని పక్కన రొయ్యల చెరువుల రాజుగారు. రొయ్యలకి గాలి కొట్టే చక్రాలు తిప్పే జనరేటరది. "చెరువులే కొట్టుకుపోయాయండీ, ఇంక దీనితో నాకేం పని? ఉంచండి, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు" అన్నారాయన, గడ్డం కూడా గీసుకోని ముఖంతో. ఆ ఏడు ఆయన పెట్టుబడంతా నీళ్ళలో పోయింది. డీజిలు కూడా ఆయనే పోశారు.

జనరేటరు చప్పుడు మొదలైంది. మిషను లైటు వెలిగింది. నిద్రపోతున్న స్నేహకి మాస్కు పెట్టి, అత్తగారి చేతిలోంచి గాలి సంచి మెల్లిగా తీసేశాను. "నడుస్తోందా?" అన్నారు. నడుస్తోందన్నాను. పెదాల వంక ఒకసారి చూశారు. గులాబీ రంగులో ఉన్నాయి. అలాగే పక్కకి ఒరిగి, గచ్చు మీదే నిద్రపోయారు.

సాయంత్రం స్నేహ లేచింది. మాస్కు తీసేసి మామ్మ వంక చూసింది. నేనూ అప్పుడే చూశాను. ఆవిడ గాఢనిద్రలో ఉన్నారు, నోరు తెరుచుకుని ఉంది, కుడిచెయ్యి మాత్రం గచ్చు మీద ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంది. అదే నెమ్మదితో, పాదం మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. నాకు దుఃఖం ఆగలేదు. ఎన్నో మాటలన్న మనిషి, ఎన్ని మాటలో పడ్డ మనిషి.

స్నేహ పాకుకుంటూ వెళ్ళి ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది.

"మామ్మా, నేను లేచిపోయాను. ఇంక నొక్కద్దు."

అప్పుడు ఆగింది ఆ చెయ్యి.